హన్నా ఫాస్ఫేట్ చెకర్ హెచ్‌ఐ 774: ట్యాంకు నిండా నాచు, రీడింగు మాత్రం సున్నా

రాళ్ల నిండా వేలెడు పొడవున పచ్చటి జుట్టు నాచు. రంగు కార్డుతో పోల్చి చూసే టెస్టు కిట్ మాత్రం నాచుకి తిండైన ఫాస్ఫేట్ సున్నా అంటుంది. ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుని ఈ తికమక పడనివాళ్లు అరుదు. కిట్టే తప్పు చెబుతోందనుకుని ఇంకో కిట్, ఆ తర్వాత ఇంకో మందు సీసా కొంటూ పోయి, ఆఖరికి చాలామంది వచ్చి ఆగేది ఫాస్ఫేట్‌ని అంకెల్లో చూపే చిన్న మిషను, హన్నా కంపెనీ ఫాస్ఫేట్ చెకర్ హెచ్‌ఐ 774 దగ్గర. చెన్నై ఎండలో, ఉక్కలో, బోరు నీళ్ల మధ్య అది ఏ మేరకు పనికొస్తుందన్నదే ఇక్కడి మాట. తీర్పు ముందే చెప్పేస్తాను: కొనదగ్గ వస్తువే. కాకపోతే అది నాచుని చంపదు. నాచుకి తిండి ఎక్కణ్ణుంచి అందుతోందో పట్టిస్తుంది. ఆ పనికి వాడుకోకపోతే మాత్రం దండగ ఖర్చు.

వస్తువు చిన్నదే. అరచేతిలో ఇమిడే పెట్టె, ఒకే మీట, చిన్న తెర, ఒక ట్రిపుల్ ఏ బ్యాటరీ, మూత ఉన్న గాజు సీసా, రీఏజెంట్ పొడి ప్యాకెట్లు. పొడిలోని మాలిబ్డేట్ నీళ్లలో ఉన్న ఫాస్ఫేట్‌తో కలుస్తుంది, ఆస్కార్బిక్ ఆమ్లం దాన్ని నీలంగా మారుస్తుంది. సీసా గుండా 525 నానోమీటర్ల ఎల్‌ఈడీ వెలుగు పంపి, అందులో ఎంత ఆగిపోయిందో కొలిచి అంకెగా చూపిస్తుంది. కార్డు కిట్లలో జరిగేదీ ఇంచుమించు ఇదే రసాయన చర్య. తేడా అంతా కంటి దగ్గర వస్తుంది. 0.03 పిపిఎంకీ (లీటరుకి మిల్లీగ్రాముల లెక్క) 0.10కీ మధ్య నీలం తేడా మామూలు వెలుతురులోనే పట్టుకోవడం కష్టం, ట్యాంకు నీలం లైటు కింద అయితే చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు మోడల్ నంబరు జాగ్రత్త. ఒకే అచ్చులో పోసినట్టుండే ఫాస్ఫేట్ చెకర్లు ఒకటికి మించి ఉన్నాయి. హెచ్‌ఐ 713 అన్నది 0 నుంచి 2.50 పిపిఎం దాకా చూపిస్తుంది, దాని తప్పు పరిధి ±0.04, పైన రీడింగులో 4 శాతం. నాచు లెక్కలకి అది మరీ మోటు. హెచ్‌ఐ 736 ఫాస్ఫేట్‌ని కాకుండా భాస్వరాన్ని, అదీ పిపిబిలో (పిపిఎంలో వెయ్యో వంతు), 0 నుంచి 200 వరకు చూపిస్తుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగించుకోవాలి, అంటే 20 అని వస్తే ఫాస్ఫేట్ 0.06 పిపిఎం. హెచ్‌ఐ 774 నేరుగా ఫాస్ఫేట్‌నే 0.00 నుంచి 0.90 పిపిఎం వరకు చెబుతుంది, తప్పు పరిధి ±0.02, పైన రీడింగులో 5 శాతం. 736 ఒక పిసరు సూక్ష్మమైనదే గానీ ప్రతిసారీ గుణించే తలనొప్పి అక్కర్లేదనుకునేవాళ్లకి 774 చాలు.

పరీక్ష చేసే తీరులోనే సగం తప్పులు దొర్లుతాయి. నీళ్లు మేత వేయకముందు, ఎప్పుడూ ఒకే వేళకి తీయాలి. సిరంజితో ట్యాంకు మధ్యలోంచి లాగితే నాచు పోగులు, ఇసుక రాకుండా ఉంటాయి. చేతికి మేత పొడి అంటుకుని ఉంటే ఆ కాస్తే రీడింగుని పాడుచేస్తుంది, కాబట్టి ముందు చెయ్యి కడుక్కోండి. సీసాని ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, పది మిల్లీలీటర్ల గీత వరకు నింపి, మూత బిగించి, వేలిముద్రలు లేకుండా తుడిచి లోపల పెట్టాలి. మీట నొక్కితే మొదట ఆ నీళ్ల సొంత రంగుని సున్నాగా తీసుకుంటుంది. తెర మీద సీ2 కనిపించాక సీసా తీసి ప్యాకెట్ పొడి అంతా అందులో వేసి, రెండు నిమిషాలు మెల్లగా తిప్పుతూ కరిగించాలి. మళ్లీ లోపల పెట్టి మీట నొక్కి పట్టుకుంటే మూడు నిమిషాల కౌంట్‌డౌన్ నడిచి అంకె వస్తుంది. కౌంట్‌డౌన్ లేకుండా తర్వాతెప్పుడో చదివితే రంగు ఇంకా ముదిరి ఉంటుంది, ఆ అంకె నమ్మదగ్గది కాదు.

ప్యాకెట్ సంగతి ఇంకో పేచీ. సీసా మూతి ఇరుకు, ప్యాకెట్ మూల వెడల్పు. మిషను ఆన్ చేయకముందే ప్యాకెట్‌ని ఒక పక్క పూర్తిగా, రెండో పక్క సగం కత్తిరించి, వేళ్లతో నొక్కి గరాటులా చేసి పక్కన పెట్టుకోవాలి. పొడి కొంత బయట ఒలికితే ఆ పరీక్ష వదిలేసి మళ్లీ చేయడమే మేలు. తిప్పడం కాకుండా గట్టిగా ఊపితే గాజు గోడకి సన్నటి బుడగలు అంటుకుంటాయి. అవి వెలుగుని అడ్డుకుంటాయి, మిషను దాన్నీ ఫాస్ఫేట్ కిందే జమకడుతుంది. సీసా అడుగుని రెండుసార్లు వేలితో తడితే బుడగలు పైకి తేలిపోతాయి. మూత మీద పర్మనెంట్ మార్కరుతో ఒక చుక్క పెట్టుకుని, రెండుసార్లూ ఆ చుక్క మీ వైపే ఉండేలా పెడితే గాజులో ఉన్న చిన్న చిన్న తేడాలు కూడా లెక్కలోంచి తప్పుకుంటాయి.

మిషను వెంట వచ్చే పుస్తకంలో అంత గట్టిగా చెప్పనిది, మన ఊళ్లో మాత్రం తప్పకుండా ఎదురయ్యేది చెమ్మ. మే నెలలో చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మిషను) పెట్టి 25 డిగ్రీల్లో ఉంచిన నీళ్లు సీసాలో పోస్తే, ఏసీ లేని హాల్లో కాసేపటికే గాజు బయట పలచటి తెర పడుతుంది. వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే తప్ప తెలియదు. సున్నా తీసుకునేటప్పుడు పొడిగా ఉన్న గాజు, కౌంట్‌డౌన్ ముగిసేసరికి చెమ్మగిల్లితే అంకె పెరిగిపోతుంది. అదే సున్నా అప్పుడు చెమ్మ ఉండి, రెండోసారి తుడిచి పెడితే తగ్గిపోతుంది. సముద్రం పక్క వీధుల్లో, బెసంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ వైపు, ఇది మరీ ఎక్కువ. మందు చాలా తేలిక: నీళ్లు తీశాక సిరంజిలోనే ఓ పావుగంట, ఇరవై నిమిషాలు గది వేడికి వచ్చేదాకా ఉంచండి. లేదంటే ఏసీ గదిలో పరీక్ష చేయండి. రీడింగులు అర్థం పర్థం లేకుండా పైకీ కిందికీ గెంతుతున్నాయంటే మిషను మీద అనుమానపడే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఇంత జాగ్రత్తగా చేసినా ±0.02 అన్నది ఎక్కడికీ పోదు. 0.05 అని వచ్చిందంటే అసలు విలువ 0.03 కావచ్చు, 0.07 కావచ్చు. నిన్న 0.04, ఇవాళ 0.06 వస్తే ఏమీ మారలేదనే అర్థం. ఆ తేడా చూసి కంగారుపడి ఏదో ఒకటి పోసేవాళ్ల ట్యాంకులే ముందు పాడవుతాయి. అలాగే 0.00 అంటే నిజంగా సున్నా అని కాదు, 0.02 కూడా అయ్యుండవచ్చు. తెర మీద 0.90 మిణుకు మిణుకుమంటోందంటే కొలత దాటిపోయిందని. అప్పుడు రెండు మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లకి ఎనిమిది మిల్లీలీటర్ల డీఐ నీళ్లు (లవణాలన్నీ తీసేసినవి) కలిపి కొలిచి, వచ్చినదాన్ని అయిదుతో గుణించాలి. తప్పు పరిధి కూడా అయిదింతలవుతుందని మర్చిపోకూడదు.

ఇక మొదటి చిక్కుముడి. ట్యాంకు నిండా నాచు ఉండగా రీడింగు సున్నా ఎందుకు? మిషను కొలిచేది నీళ్లలో మిగిలిన ఫాస్ఫేట్‌ని. నాచు తాగేసింది దానికి కనిపించదు. భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన అన్నం చూసి ఎంతమందికి వండారో చెప్పమన్నట్టుంటుంది. కాబట్టి నాచు దట్టంగా ఉన్నప్పుడు ఒక్క రీడింగు ఏమీ చెప్పదు, వరస కావాలి. ముందు ఒకసారి కొలవండి. తర్వాత పంపు ఆపి, రాయి మీది నాచుని పాత టూత్ బ్రష్‌తో గీకుతూ, సన్నటి ట్యూబుతో అక్కడికక్కడే పీల్చేసి, ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) గుండా నీళ్లని తిరిగి పోయండి. చేత్తో తెంపి నీళ్లలో వదిలేస్తే ముక్కలు ఇంకో రాయి పట్టుకుంటాయి. ఆ వారం నీళ్లు మార్చవద్దు, మేత మార్చవద్దు. మర్నాడు, మూడో రోజు, అయిదో రోజు కొలవండి. గీకినప్పుడు తెగిన నాచు నుంచి కొంత కారుతుంది గనక మర్నాటి అంకెకి పెద్ద విలువ ఇవ్వకండి. అయిదో రోజుకీ ఎక్కుతూనే ఉంటే, రోజూ ట్యాంకులోకి వచ్చిపడుతున్నది ఎంతో మీకు మొదటిసారి కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది.

ఎక్కణ్ణుంచి వస్తోంది? మొదటి అనుమానం మేత మీద. పొడి మేతలో భాస్వరం సుమారు ఒక శాతం ఉంటుంది. అంటే ఒక గ్రాము మేతలో పది మిల్లీగ్రాముల భాస్వరం, ఫాస్ఫేట్‌గా చూస్తే ముప్ఫై మిల్లీగ్రాములు. 200 లీటర్ల ట్యాంకులో అది అంతా కరిగితే 0.15 పిపిఎం. చేప ఒంటికి కొంత పడుతుంది, మిగతాది నీళ్లలోకే. రోజుకి రెండు చిటికెలు అనుకుని వేసేది తూకం వేసి చూడండి, చాలా ఇళ్లలో గ్రాము దాటుతుంది. గడ్డకట్టిన మేత కరిగిన నీళ్లు పారబోసి కడిగితే ఫాస్ఫేట్ పోతుందన్న నమ్మకం ఒకటుంది. పోయేది కొంచెమే. ఎక్కువ భాగం ఆ రొయ్య, ఆ మాంసం లోపలే ఉంటుంది. మేత తగ్గించడం ఒక్కటే పనిచేస్తుంది.

రెండోది రాయి. గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, కాబట్టి ఇక్కడ చెబుతున్నదంతా చేపలు, కొన్న కృత్రిమ రాళ్లు ఉన్న ట్యాంకుల గురించే. కాల్షియం కార్బొనేట్ రాయి ఫాస్ఫేట్‌ని ఒంటికి పట్టించుకుంటుంది, నీళ్లలో తగ్గగానే తిరిగి వదులుతుంది. పాత ట్యాంకు నుంచి చవగ్గా దొరికిన రాళ్లతో మొదలుపెట్టిన వాళ్లకి నాచు వదలకపోవడం అందుకే. పట్టుకోవడం సులువు: ఒక రాయి తీసి, గట్టిగా గీకి, పది లీటర్ల కొత్త ఉప్పునీళ్ల బకెట్లో చిన్న పంపుతో, చీకట్లో వారం ఉంచండి. మొదటి రోజూ ఆఖరి రోజూ కొలవండి. అంకె ఎక్కితే దోషి దొరికినట్టే.

మూడోది నీళ్లు, చెన్నైలో అసలు కథ ఇక్కడే ఉంటుంది. మెట్రో వాటర్, లారీ నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలిసిపోయే అపార్టుమెంట్లలో ఈ వారం టీడీఎస్‌కీ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) వచ్చే వారం టీడీఎస్‌కీ పొంతన ఉండదు. దానికి వంటింటి ఆర్‌ఓ ఉందిగా అని ధీమాగా ఉంటారు. ఆ ఆర్‌ఓలలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. తాగే నీళ్లకి రుచి కోసమని మెంబ్రేన్ (వడగట్టే పొర) దాటకుండానే కొంత నీళ్లని పక్కదారిన తెచ్చి కలిపేది అదే. అంటే వడగట్టని బోరు నీళ్లు కూడా మీ ట్యాంకులోకి పోతున్నట్టు. మరని పూర్తిగా మూయించాలి, లేదా మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టానికే టీ కనెక్టర్ వేసి, మినరల్ కార్ట్రిడ్జి తగలకుండా నీళ్లు తీసుకోవాలి. ఆ తర్వాత రంగు మారే డీఐ రెసిన్ డబ్బా ఒకటి తగిలించాలి. టీడీఎస్ మీటరు సున్నా చూపించినంత మాత్రాన నిశ్చింత లేదు. రెసిన్ అలసిపోయేటప్పుడు ముందుగా జారిపోయే వాటిలో సిలికా ఒకటి, అది టీడీఎస్ మీటరుకి దాదాపు కనిపించదు. గాజు మీద, ఇసుక మీద గోధుమ రంగు పొడిలా పరుచుకునే డయాటమ్‌లకి కావలసింది అదే. రెసిన్ రంగు ముప్పాతిక వంతు మారగానే మార్చేయడం మంచిది, పూర్తిగా మారేదాకా లాగొద్దు. చెకర్‌తో చూడాల్సింది ఆర్‌ఓ నీళ్లని కాదు, అందులో ఉప్పు కలిపి ఒక రాత్రి తిప్పిన నీళ్లని. అక్కడ 0.00, 0.02 వస్తే నీళ్లు, ఉప్పు రెండూ నిర్దోషులు.

సముద్రం పక్కనే ఉందిగా, బిందెతో ముంచుకొస్తే పోలేదా అనేవాళ్లకి కూడా ఈ మిషనే జవాబు. ఒడ్డు దగ్గర, అందులోనూ కూవం, అడయారు నదులు కలిసే చోట్లకి దగ్గర్లో తీసిన నీళ్లు ఒకసారి కొలిచి చూడండి. ఆపైన మీ ఇష్టం.

కారణం తేలాక జీఎఫ్‌ఓ, అంటే ఫాస్ఫేట్‌ని పట్టే తుప్పు రంగు ఇనుప గుళికలు, వాడొచ్చు. చెకర్ విలువ బాగా తెలిసేది ఇక్కడ. ప్యాకెట్ మీద రాసిన మోతాదులో మూడో వంతుతో మొదలుపెట్టండి, ఆర్‌ఓ నీళ్లతో ఎర్ర పొడి పోయేదాకా కడగండి, రియాక్టర్లో (గుళికల గుండా నీళ్లు పంపే డబ్బా) గుళికలు పైపైన కదిలేంత ప్రవాహమే ఇవ్వండి. ఎగిరెగిరి పడితే ఒరుసుకుని పొడై ట్యాంకులోకి వస్తాయి. రెండు మూడు రోజులకోసారి ట్యాంకు నీళ్లు, రియాక్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లు విడివిడిగా కొలవండి. రెండూ ఒకటే అయినప్పుడు గుళికల పని అయిపోయింది. క్యాలెండరు చూసి నెలకోసారి మార్చేవాళ్లు ఒకోసారి బాగున్నవి పారేస్తారు, ఒకోసారి చచ్చినవి తిప్పుతూ కూర్చుంటారు. తగ్గిన ఫాస్ఫేట్ వారంలో మళ్లీ ఎక్కితే నిరాశపడనక్కర్లేదు, రాయి తన దగ్గరున్నది వదులుతోంది.

సున్నా కోసం మాత్రం పరుగెత్తొద్దు. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ అడుగంటితే జుట్టు నాచు పోయిన చోట డైనోఫ్లాజెల్లేట్లు దిగుతాయి: గోధుమ రంగు జిగురు తీగలు, వాటి కొసన గాలి బుడగలు, రాత్రికి తగ్గి లైటు వేశాక మళ్లీ ప్రత్యక్షం. వాటి ముందు జుట్టు నాచే నయం. చేపల ట్యాంకులో రీడింగు 0.05 నుంచి 0.10 మధ్య, నైట్రేట్ 5 నుంచి 10 పిపిఎం మధ్య ఉంటే చాలు. ఆ మాత్రం పైన ఉంటేనే మిషను తప్పు పరిధికి అవతల నిలబడి నిజంగా ఏదో కొలుస్తున్నట్టు.

ఫాస్ఫేట్ తగ్గించినా లొంగని నాచులున్నాయి, వాటి దగ్గర చెకర్ చేతులెత్తేస్తుంది. ఈకలా కొమ్మలు విచ్చుకునే బ్రయాప్సిస్ అలాంటిది. దానికి ఫ్లూకొనజోల్ పనిచేస్తుంది: లీటరుకి సుమారు 5 మిల్లీగ్రాములు, అంటే 200 లీటర్లకి ఒక గ్రాము, ఫిల్టర్లోని కార్బన్ తీసేసి, యూవీ లైటు ఆపి, రెండు వారాలు. కానీ అది డాక్టరు చీటీ మీద అమ్మే మనుషుల మందు, సరదాకి పోసేది కాదు. చనిపోయే నాచు తాగినదంతా కక్కుతుంది, ఆక్సిజన్ తినేస్తుంది, కాబట్టి గాలి పంపు పెట్టి, ఆ రోజుల్లో రెండు రోజులకోసారి కొలవాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు కూడా ఉండాలి. ముగిశాక కార్బన్ వేసి ఆ మందుని పట్టించాకే నీళ్లు మార్చండి. పచ్చ గోళీల్లాంటి వలోనియాని పగలగొట్టకుండా గోటితో అడుగునుంచి ఎత్తి పీల్చేయాలి. చిన్న రాయి ఒక్కదానికే పట్టిన నాచుకి హైడ్రోజన్ పెరాక్సైడ్ చవకైన దారి. రాయిని బయటికి తీసి బ్రష్‌తో రాసి, రెండు మూడు నిమిషాలాగి, ఉప్పునీళ్లలో తొలిచి పెట్టాలి. పుస్తకాలన్నీ 3 శాతం అంటాయి, మన మందుల షాపులో దొరికేది తరచుగా 6 శాతం ద్రావణం. సీసా మీద చూసి, సమానంగా ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడండి. ట్యాంకులో క్లీనర్ రొయ్యలుంటే నేరుగా నీళ్లలో పోయడం వద్దు.

తీసిన నాచుని సింకులో, వాన నీటి కాలువలో వేయకండి, ముఖ్యంగా కాలెర్పా అనే సముద్రపు నాచుని. చిన్న ముక్క చాలు దానికి మళ్లీ మొలవడానికి. 2000లో కాలిఫోర్నియా తీరంలో కాలెర్పా టాక్సిఫోలియా కనబడితే, పరదాలు కప్పి కింద క్లోరిన్ పోసి, 2006 దాకా కుస్తీ పట్టాల్సొచ్చింది. మన దగ్గర సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడాల మీద పాకింది. మేడ మీద రెండు మూడు రోజులు గలగల ఎండబెట్టి చెత్తబుట్టలో వేస్తే సరి.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. మిషను ఒకసారి కొనేదే, ఖర్చంతా పొడి ప్యాకెట్ల మీద నడుస్తుంది. డబ్బాకి 25 పరీక్షలు, నాచుతో పోరాడే నెలలో సగం అయిపోతాయి. చెన్నై కొళత్తూర్ చేపల బజారులో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా ప్యాకెట్ మీది గడువు తేదీ చూడకుండా డబ్బులివ్వొద్దు. ఉక్కకి గట్టిపడిన పొడి పూర్తిగా కరగదు, అడుగున తెల్లటి నలకలు మిగిలితే ఆ రీడింగుని లెక్కలోకి తీసుకోకండి. అంకెల మీద అనుమానం వస్తే సరిచూసుకోవడానికి ఇదే మోడల్‌కి ప్రామాణిక సీసాల జత హెచ్‌ఐ 774-11 పేరుతో వస్తుంది, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు. అదనంగా ఒక గాజు సీసా తీసుకోండి. ఉన్నదాన్ని గిన్నెల సబ్బుతోనూ పీచుతోనూ తోమకండి, ఆర్‌ఓ నీళ్లతో తొలిచి బోర్లించండి. గీత పడిన సీసాని పారేయడమే.